అన్నీ తీసేశాక మిగిలేదేమిటి? ఆత్మ, బ్రహ్మం, శూన్యత

హైదరాబాద్‌లో బుద్ధుడి గురించి రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. చిక్కడపల్లి, దోమలగూడ వైపు వేదాంత ప్రసంగాలకు వెళ్తే మొదటిది వినవచ్చు: బుద్ధుడు కొత్తగా చెప్పిందేమీ లేదు, ఉపనిషత్తుల్లో ఉన్నదే జనం భాషలో చెప్పాడు. అక్కడికి హుస్సేన్ సాగర్ ఎంతో దూరం లేదు. ఏప్రిల్ 14న ఆ ఒడ్డున 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం దగ్గర చేరే జనంలో రెండోది వినవచ్చు: బుద్ధుడు ఆత్మనూ దేవుణ్నీ కొట్టిపారేశాడు, ఆయన్ని హిందూమతంలో కలిపేసుకోవడం అన్యాయం. ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ జరిగినప్పుడు ఈ రెండు రకాల పుస్తకాలూ దొరుకుతాయి. రెండూ కొని ఇంటికి తీసుకెళ్లేవాళ్లు మాత్రం తక్కువే.

రెండు మాటలకూ ఆధారాలున్నాయి. కాకపోతే రెండూ తొందరపడి తీర్పు చెప్పేస్తాయి. బౌద్ధమూ వేదాంతమూ చాలా దూరం ఒకే దారిలో నడిచి, ఒక మలుపు దగ్గర విడిపోయాయి. ఆ మలుపు ఎక్కడుందో చూపించనంత వరకు 'రెండూ ఒకటే' అన్నా, 'పొంతనే లేదు' అన్నా అది అభిమానం కిందికే వస్తుంది.

ముందు కలిసి నడిచిన దారి సంగతి. సారనాథ్‌లో ఐదుగురు శిష్యులకు బుద్ధుడు చేసిన రెండో ఉపదేశం అనాత్మ గురించే. అందులో ఆయన మనిషిని ఐదు స్కంధాలుగా విడదీస్తాడు: రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం. అంటే శరీరం, సుఖదుఃఖాల అనుభూతి, దేన్నయినా గుర్తుపట్టే శక్తి, మనసులో పేరుకున్న సంకల్పాలూ అలవాట్లూ, చివరగా తెలివిడి. ఒక్కొక్కదాన్నీ ముందు పెట్టి శిష్యులను అడుగుతాడు. ఇది నిత్యమా, అనిత్యమా? అనిత్యం. అనిత్యమైనది సుఖమా, దుఃఖమా? దుఃఖం. అలాంటిదాన్ని పట్టుకుని 'ఇది నాది, ఇది నేను, ఇది నా ఆత్మ' అనడం సబబేనా? కాదు. ఇంకో చురుకైన వాదం కూడా ఉంది. శరీరమే ఆత్మ అయితే, 'నా శరీరం ఇలా ఉండాలి, అలా ఉండకూడదు' అని మనం ఆజ్ఞాపించగలగాలి. జ్వరం వచ్చిన ఎవరికైనా ఆ ఆజ్ఞ ఎంతవరకు చెల్లుతుందో తెలుసు.

ఉపనిషత్తులూ ఇలాగే ఒలుచుకుంటూ పోతాయి. తైత్తిరీయం అన్నమయం, ప్రాణమయం, మనోమయం, విజ్ఞానమయం, ఆనందమయం అని ఐదింటిని ఒకదానిలోపల ఒకటిగా చెబుతుంది. శంకరుల సంప్రదాయం వీటిని ఆత్మను కప్పిన కోశాలుగా చదువుతుంది. దేహం నేను కాదు, ప్రాణం కాదు, మనసు కాదు, బుద్ధి కాదు, చివరికి ఆ ఆనందమూ కాదు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడి 'నేతి నేతి' కూడా ఈ పనే చేస్తుంది. ఇక్కడిదాకా ఇద్దరు గురువుల మాటలనూ పక్కపక్కన రాసి పేర్లు చెరిపేస్తే, ఏది ఎవరిదో చెప్పడం చదువుకున్నవాళ్లకూ కష్టమే. ఇద్దరి పోరాటమూ మనం రోజూ మోసుకుతిరిగే ఆ మామూలు 'నేను' మీదే.

తేడా తర్వాతి అడుగులో వస్తుంది. వేదాంతి అడుగుతాడు: అన్నిటినీ కాదన్నావు, బాగుంది. ఆ కాదంటున్నది ఎవరు? దేన్నయినా కాదనవచ్చు, కాదనేవాణ్ని కాదనడం కుదరదు. 'తెలుసుకునేవాణ్ని దేనితో తెలుసుకుంటావు?' అని యాజ్ఞవల్క్యుడు మైత్రేయిని అడిగింది ఇదే. చూడబడే ప్రతిదీ మారుతుంది, చూసే సాక్షి మారదు. అదే ఆత్మ.

బౌద్ధుడి జవాబు సూటిగా ఉంటుంది. తెలివిడిని ఐదో స్కంధంగా అప్పుడే లెక్కలో వేశాం కదా. కన్నూ రూపమూ కలిసినప్పుడు కంటి విజ్ఞానం పుడుతుంది, చెవీ శబ్దమూ కలిసినప్పుడు చెవి విజ్ఞానం పుడుతుంది. ఆ కలయిక పోతే అదీ పోతుంది. చూడటం జరుగుతోంది, నిజమే. దాని వెనక చూసేవాడొకడు కదలకుండా కూర్చున్నాడని ఎందుకు ఒప్పుకోవాలి? అన్నీ తీసేశాక ఏదో ఒకటి మిగిలితీరాలన్న కోరిక ఉందే, తృష్ణ దాక్కునే ఆఖరి చోటు అదే.

రెండు రథాలు, రెండు మౌనాలు

ఈ తేడాను పట్టుకోవడానికి రెండు వైపులా వాడిన ఒకే ఉపమానాన్ని చూస్తే చాలు. కఠోపనిషత్తు 'ఆత్మానం రథినం విద్ధి' అంటుంది. శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి. ఆత్మ రథంలో కూర్చున్న యజమాని. రథం విరిగినా యజమాని దిగి వెళ్లిపోగలడు.

బౌద్ధుల దగ్గర యజమాని ముచ్చటే ఉండదు. యవన రాజు మిలిందుడు భిక్షువు నాగసేనుణ్ని కలిసినప్పుడు, 'నాగసేనుడు' అనేది ఒట్టి పేరే, ఆ పేరుకు తగిన పుద్గలుడు, అంటే వ్యక్తి, ఎవడూ దొరకడు అని ఆ భిక్షువు అంటాడు. రాజు వెక్కిరిస్తే ఎదురు ప్రశ్న వేస్తాడు: మీరు దేని మీద వచ్చారు? రథం మీద. ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? ఇవన్నీ కలిపినా రథమా? వీటిని వదిలేసి ఇంకెక్కడైనా రథముందా? రాజుకు చివరికి ఒప్పుకోక తప్పలేదు: ఈ భాగాలను ఆధారం చేసుకుని 'రథం' అనే పేరు పెట్టుకున్నాం, అంతే. ఈ ఉపమానాన్ని అంతకుముందే వజిర అనే భిక్షుణి వాడినట్టు బుద్ధుడి ఉపదేశాల సంకలనమైన సంయుత్త నికాయంలో ఉంది. కఠోపనిషత్తు రథంలో ఎవరున్నారని అడిగింది, బౌద్ధులు అసలు రథమే ఎక్కడుందని అడిగారు.

రథాల కంటే లోతైన పోలిక మౌనాలది. వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ని అడుగుతాడు: ఆత్మ ఉందా? బుద్ధుడు మాట్లాడడు. అయితే లేదా? అప్పుడూ మాట్లాడడు. అతను లేచి వెళ్లిపోతాడు. ఎందుకు జవాబివ్వలేదని ఆనందుడు అడిగితే బుద్ధుడు కారణం చెబుతాడు. ఉందంటే శాశ్వతవాదుల పక్షం వహించినట్టు. లేదంటే చావుతో అంతా అయిపోతుందనే ఉచ్ఛేదవాదుల పక్షం వహించినట్టు. పైగా అసలే అయోమయంలో ఉన్న మనిషి, 'ఇన్నాళ్లూ నాకు ఆత్మ ఉండేది, ఇప్పుడు లేకుండా పోయింది' అని ఇంకా టెన్షన్ పడతాడు. బుద్ధుడు 'ఆత్మ లేదు' అని సిద్ధాంతం ప్రకటించాడని చెప్పేవాళ్లు ఈ సుత్తాన్ని, అంటే ఈ ఉపదేశాన్ని, దాటి ముందుకు పోలేరు. ఆయన చెప్పింది 'ఇది ఆత్మ కాదు, ఇదీ కాదు' అని. 'ఆత్మ ఉందా, లేదా' అన్న ప్రశ్నను ఆ రూపంలో ఆయన తీసుకోనే లేదు.

బ్రహ్మసూత్ర భాష్యం మూడో అధ్యాయంలో శంకరులు శ్రుతి కథగా ఇంకో మౌనాన్ని చెబుతారు. బాష్కలి అనే శిష్యుడు బ్రహ్మం గురించి చెప్పమని బాధ్వుణ్ని అడుగుతాడు. గురువు ఊరుకుంటాడు. రెండోసారీ మూడోసారీ అడిగితే అంటాడు: నేను చెబుతూనే ఉన్నాను, నీకే అర్థం కావడం లేదు. 'ఉపశాంతోఽయమాత్మా', ఈ ఆత్మ ప్రశాంతం.

బయటి నుంచి చూస్తే రెండు మౌనాలకూ తేడా లేదు. బాధ్వుడి మౌనం మాత్రం జవాబు: మాటకు అందనిది ఒకటుంది, దాన్ని ఇలాగే చూపించగలం. బుద్ధుడి మౌనం ప్రశ్నను వెనక్కి పంపడం: నువ్వు అడిగిన తీరులోనే చిక్కుంది, ఏ జవాబిచ్చినా దాన్ని పట్టుకుని వేలాడతావు. 'రెండూ మౌనాన్నే బోధించాయి కాబట్టి రెండూ ఒకటే' అనే ప్రసంగం యూట్యూబ్‌లో బాగానే నడుస్తుంది కానీ, ఈ రెండు కథలను కలిపి చదివితే నిలబడదు.

గోదావరి ఒడ్డు నుంచి వెళ్లిన ప్రశ్న

ఈ చర్చ మనకు ఉత్తరాది నుంచి అరువొచ్చినదని అనుకుంటాం. పాళి బౌద్ధ గ్రంథం సుత్తనిపాతంలోని పారాయణ వర్గం చదివితే ఆ అభిప్రాయం కొంత మారుతుంది. బావరి అనే బ్రాహ్మణుడు అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకుని ఉంటాడు. బుద్ధుడి గురించి విని పదహారుమంది శిష్యులను ఆయన దగ్గరికి పంపుతాడు. ఆ ఆశ్రమం ఇప్పటి నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తి దగ్గర ఉండేదని కొందరు చరిత్రకారులు అంటారు. కథాభాగం తర్వాత చేర్చినదని పండితుల్లో ఒక అభిప్రాయం ఉన్నా, శిష్యుల ప్రశ్నలూ వాటికి జవాబులూ బౌద్ధ సాహిత్యంలోని చాలా పాత పొరకు చెందినవే.

ఆ పదహారుమందిలో మోఘరాజు ఒకడు. రెండుసార్లు అడిగినా జవాబు రాలేదని చెప్పుకుని మళ్లీ అడుగుతాడు: లోకాన్ని ఎలా చూసేవాడు మృత్యురాజు కంటపడడు? బుద్ధుడు చెప్పిన జవాబు: 'సుఞ్ఞతో లోకం అవేక్ఖస్సు మోఘరాజ సదా సతో'. ఎప్పుడూ ఎరుకతో ఉండి, ఆత్మ అనే దృష్టిని పెకలించి, లోకాన్ని శూన్యంగా చూడు. అలా చూసేవాడు మృత్యువును దాటుతాడు. శూన్యత అనే భావన తర్వాత మహావృక్షమైంది. దాని తొలి మొలకల్లో ఒకటి గోదావరి నుంచి నడిచివెళ్లిన ఒక శిష్యుడికి దక్కిన జవాబు.

ఆ భావనను చివరిదాకా తీసుకెళ్లింది సంప్రదాయం కృష్ణా తీరంలోని శ్రీపర్వతంతో ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు. కాలం క్రీ.శ. 2, 3 శతాబ్దాలని పండితుల అంచనా. అప్పటికి కొన్ని బౌద్ధ శాఖల్లో ఒక రాజీ కుదిరింది. ఆత్మ లేదు కానీ, మనిషిని విడదీస్తే వచ్చే చిన్న చిన్న ధర్మాలు మాత్రం నిజమైనవి, వాటికి సొంత స్వభావం ఉంది అనేవాళ్లు. అంటే రథం లేదు కానీ ఇరుసు ఉంది. నాగార్జునుడు ఆ ఇరుసునూ వదల్లేదు. దేనికైనా సొంత స్వభావం ఉందంటే అది ఇంకొకదాని మీద ఆధారపడకూడదు, మారకూడదు. లోకంలో అలాంటిది ఒక్కటీ కనిపించదు. ప్రతిదీ వేరేవాటి వల్ల పుడుతుంది, వాటి వల్ల నిలుస్తుంది. ఈ ప్రతీత్యసముత్పాదాన్నే తాను శూన్యత అంటున్నానని మూలమధ్యమక కారికల 24వ ప్రకరణంలో ఆయన స్పష్టంగా చెబుతాడు. అన్నీ శూన్యమైతే ధర్మమూ బుద్ధుడూ అన్నీ పోతాయి కదా అనే ప్రత్యర్థికి జవాబూ అక్కడే ఉంది: శూన్యత కుదిరితేనే అన్నీ కుదురుతాయి. స్వభావం ఉంటే ఏదీ మారదు, మారకపోతే దుఃఖం పోయే దారే ఉండదు.

మాట్లాడుకునేటప్పుడు 'అంతా శూన్యం' అని నిట్టూర్చే తెలుగు అలవాటుకూ దీనికీ సంబంధం లేదు. శూన్యతనే ఇంకో సిద్ధాంతంగా పట్టుకున్నవాళ్లను బాగుచేయడం అసాధ్యం అని నాగార్జునుడే అన్నాడు. ఇంకోచోట, బుద్ధులు ఆత్మ అని కూడా చెప్పారు, అనాత్మ అని కూడా చెప్పారు, ఆత్మా లేదు అనాత్మా లేదు అని కూడా చెప్పారు అంటాడు. వచ్ఛగోత్తుడి ముందు బుద్ధుడి మౌనాన్ని తర్కంలోకి మారిస్తే వచ్చేది ఇదే.

ఈ వాదాలు నడిచిన నేల మీద కుటుంబాలు ఎలా ఉండేవన్నది ఇంకో ముచ్చట. నాగార్జునకొండ శాసనాల ప్రకారం ఇక్ష్వాకు రాజు వాశిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన చెల్లెలు శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యానికి దానాలిచ్చింది. పండితులు ఆత్మ మీద కొట్లాడుకుంటుంటే, అన్న యాగశాలకూ చెల్లెలు స్తూపానికీ వెళ్లేవారన్నమాట.

పరమార్థానికి అడుగు ఉందా?

ఆత్మ దగ్గర వచ్చిన తేడాయే పరమసత్యం దగ్గర ఇంకా పెద్దదవుతుంది. ఏదాని నుంచి ఈ భూతాలన్నీ పుడుతున్నాయో, దేనివల్ల బతుకుతున్నాయో, దేనిలోకి తిరిగి పోతున్నాయో అది బ్రహ్మం అని తైత్తిరీయం చెబుతుంది. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు మట్టి ముద్దను ఉదాహరణగా చూపిస్తాడు. కుండ, మూకుడు, చట్టి అన్నవి పేర్లే, మట్టి ఒక్కటే సత్యం. ఆ ఒక్కటే సత్తు, 'తత్త్వమసి', అదే నువ్వు. ఆత్మా బ్రహ్మమూ ఇక్కడ కలుస్తాయి: లోపల మిగిలేదీ లోకమంతటికీ అడుగున ఉన్నదీ వేరు కాదు.

నాగార్జునుడి దారిలో నడిచే మాధ్యమికుడు, కుండ పేరే అనడంతో ఆనందంగా తల ఊపుతాడు. మట్టి దగ్గర ఆగమంటే ఆగడు. మట్టి మాత్రం దేని మీదా ఆధారపడలేదా? అదీ కొన్నిటి కూడికే. ఎంత తవ్వినా అడుగు తగలదు, తగలకపోవడమే విషయం అంటాడు. అద్వైతానికి పరమార్థం అనేది ఏ జ్ఞానమూ ఎప్పటికీ కొట్టివేయలేని ఒక సత్యం. మాధ్యమికుడికి పరమార్థం వస్తువుల వెనక ఉన్న ఇంకో వస్తువు కాదు, వస్తువులు ఉన్న తీరు. శూన్యత కూడా శూన్యమే.

వ్యవహారం, పరమార్థం అని రెండంతస్తుల సత్యం ఇద్దరి దగ్గరా ఉంది. వేదాంతంలో ఆ పద్ధతికి బౌద్ధం నుంచి ఊతం దొరికిందన్న అనుమానం కొత్తదేమీ కాదు. శంకరుల పరమగురువుగా చెప్పే గౌడపాదుడి కారికల నాలుగో ప్రకరణంలో తిప్పిన కొరివి ఉపమానం, ఏదీ పుట్టలేదనే అజాతివాదం బౌద్ధ గ్రంథాలకు చాలా దగ్గరగా ఉంటాయి. చివర్లో మాత్రం 'నైతద్బుద్ధేన భాషితమ్', ఇది బుద్ధుడు చెప్పింది కాదు అన్న ముక్క ఉంది. దాన్ని ఎలా చదవాలన్న తగాదా నేటికీ తెగలేదు. రామానుజులు శ్రీభాష్యంలో అద్వైతులను వేదవాదం ముసుగులో దాగిన బౌద్ధులు అని దెప్పిపొడిచారు. శంకరులు మాత్రం బౌద్ధులను ఏమాత్రం ఉపేక్షించలేదు. బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయం రెండో పాదంలో వాళ్ల వాదాలను వరసగా ఖండించి, ఎంత పరీక్షిస్తే అంత, ఇసుకలో తవ్విన బావిలా కూలిపోతుందంటారు. శూన్యవాదాన్ని అన్ని ప్రమాణాలకూ విరుద్ధమని ఒక్క వాక్యంలో తోసేస్తారు. నాగార్జునుడి స్థాయి తార్కికుడికి ఒక్క వాక్యం చాలదన్న అసంతృప్తి చదివేవాళ్లకు మిగులుతుంది. అద్వైతం బౌద్ధం దగ్గర నేర్చుకున్న పనిముట్లు కొన్ని ఉండవచ్చు, కట్టిన ఇల్లు మాత్రం దానిదే.

లెక్క ఇంత సాఫీగా ఉండనివ్వని పాఠాలూ ఉన్నాయి. పుట్టనిది, చేయబడనిది, సంస్కృతం (కారణాలు కూడి ఏర్పడినది) కానిది ఒకటుంది, అది లేకపోతే పుట్టినదానికి విముక్తే ఉండదు అని ఉదానం అనే పాళి గ్రంథంలో బుద్ధుడు అంటాడు. ఇది బ్రహ్మమే అని చాలామంది వేదాంతులు సంబరపడతారు. పాళి గ్రంథాలను అనుసరించే థేరవాద సంప్రదాయం ఒప్పుకోదు. నిర్వాణం అసంస్కృతమే కానీ అదీ ఆత్మ కాదు, ధర్మాలన్నీ అనాత్మలే అని ధమ్మపదం. ప్రతి జీవిలోనూ బుద్ధత్వం బీజంలా ఉందనే మహాయాన తథాగతగర్భ సూత్రాలు ఇంకా దగ్గరికి వచ్చాయి. మహాయాన మహాపరినిర్వాణ సూత్రమైతే బుద్ధస్వభావాన్ని ఆత్మ అనేదాకా వెళ్లింది. ఇది పరమతస్థుల ఆత్మవాదం లాంటిదే కదా అన్న సందేహం లంకావతార సూత్రంలో బోధిసత్త్వుడైన మహామతికే వచ్చింది. కాదు, అనాత్మ అంటే భయపడేవాళ్ల కోసం ఈ మాట అని అక్కడ బుద్ధుడి జవాబు.

ఇక హిందూ పక్షం ఒక్క గొంతు కాదు. పోలిక పెట్టేటప్పుడు హిందూమతం అంటే అద్వైతమే అనుకోవడం మన చర్చల్లో అలవాటైపోయింది. సాంఖ్యంలో పురుషులు అనేకం. న్యాయ వైశేషికుల ఆత్మకు ఇచ్ఛ, ద్వేషం, జ్ఞానం గుణాలు. మధ్వులకు జీవుడూ ఈశ్వరుడూ ఎప్పటికీ వేరు. హైదరాబాద్ శివార్లలోని ముచ్చింతల్‌లో 2022లో ఆవిష్కరించిన 216 అడుగుల విగ్రహం ఎవరిదో, ఆ రామానుజులు అద్వైతుల మోక్షాన్ని అసలు ఒప్పుకోలేదు. 'నేను' అనేది అజ్ఞానం వల్ల వచ్చిన పొర కాదు, ఆత్మ స్వరూపమే అది అంటారాయన. మోక్షంలో 'నేను' నశిస్తుందని తెలిస్తే, మోక్షం అన్న కబురు వాసన తగిలినా మనిషి పారిపోతాడు అని శ్రీభాష్యంలో చమత్కరిస్తారు. ఈ బాణం అద్వైతులకు వేసినా బౌద్ధులకూ తగులుతుంది. జీవులూ జగత్తూ ఈశ్వరుడికి శరీరం, మోక్షంలోనూ జీవుడు జీవుడిగానే ఉండి సేవిస్తాడు.

నౌబత్ పహాడ్ ఎక్కి బిర్లా మందిర్‌లో వేంకటేశ్వరుడికి దండం పెట్టుకునే భక్తుడి మనసులో ఉన్నది దాదాపు ఈ రామానుజుల మాటే. ప్రసంగంలో అహం బ్రహ్మాస్మికి చప్పట్లు కొట్టినా, గుడిలో 'గోవిందా' అనేటప్పుడు పిలిచేవాడు ఒకడు, పలికేవాడు ఇంకొకడు. బుద్ధుడికి అసలైన ఎదురుపక్షం ఈ విశ్వాసమే. అద్వైతంతో బౌద్ధానిది దాయాదుల తగాదా, భక్తితో అయితే భాషే వేరు.

మామిడిపళ్ల దొంగ

ఆత్మ లేకపోతే కర్మ ఎవరికి తగులుతుంది? ఈ ప్రశ్న బయటివాళ్లే కాదు, బుద్ధుడి సభలో ఒక భిక్షువే మనసులో వేసుకున్నాడు: స్కంధాలన్నీ అనాత్మ అయితే, అనాత్మ చేసిన కర్మలు ఏ ఆత్మను తాకుతాయి? బుద్ధుడు దాన్ని తెలివితక్కువ ఆలోచనగా తోసిపుచ్చి, మళ్లీ స్కంధాల దగ్గరికే తీసుకెళ్తాడు. వివరంగా జవాబిచ్చింది నాగసేనుడు. ఒకడు తోటలో మామిడిపళ్లు దొంగిలించి పట్టుబడ్డాడు. తోట యజమాని నాటింది టెంక, నేను కోసింది పళ్లు, రెండూ వేరు కాబట్టి దొంగతనం కాదు అని వాదించాడు. రాజు ఒప్పుకుంటాడా? ఆ టెంక లేకపోతే ఈ పండు లేదు కదా. అలాగే కర్మ చేసిన నామరూపాలూ (మనసూ శరీరమూ) దాన్ని అనుభవించే నామరూపాలూ ఒకటి కాకపోయినా, రెండోది మొదటిదాని నుంచే వచ్చింది. అతడే కాదు, వేరొకడూ కాదు.

శంకరులు జ్ఞాపకాన్ని పట్టుకుంటారు. నిన్న చూసింది నేనే, ఇవాళ తలుచుకుంటున్నదీ నేనే అని అందరికీ తెలుసు. ప్రతి క్షణం కొత్తవాడైతే ఈ గుర్తింపు ఎలా? ప్రవాహం ఉంది, ముందరి క్షణం ముద్ర తర్వాతి క్షణంలో పడుతుంది అని బౌద్ధుడు చెప్పుకోగలడు. అతనికి నిజంగా కష్టమైన ప్రశ్న ఇంకొకటి: ఒక ప్రవాహం ఒకటిగా ఎందుకుంది, పక్కవాడి ప్రవాహంలో ఎందుకు కలవదు? అద్వైతికి సరిగ్గా తలకిందుల ఇబ్బంది. సాక్షి ఒక్కటే అయితే ఒకడి పంటి నొప్పి అందరికీ తెలియాలి. అప్పుడతను అంతఃకరణాలు (మనసులు) వేరువేరు, ఆత్మకు తగిలిన ఉపాధులు, అంటే పరిమితులు, వేరువేరు అంటాడు. అంటే తాను కాదన్న ఆ మనసుల గుంపునే మళ్లీ పిలుచుకుంటాడు. ఇద్దరూ తమ బలహీనమైన చోట ఎదుటివాడి సామాను అరువు తెచ్చుకుంటున్నారనిపిస్తుంది.

ఇంట్లో చావు జరిగితే ఈ తర్కమేదీ పనికిరాదు. పాత బట్ట విడిచి కొత్తది కట్టుకున్నట్టు ఆత్మ దేహాలు మారుస్తుందని గీతా శ్లోకం మైకులో వినిపిస్తుంటే, మూడో రోజు పిట్టకు పెట్టి, పెద్దకర్మ నాడు పిండం పెట్టి, పోయినవాళ్లకు ఆకలేస్తుందన్నట్టే చూస్తారు. 1956లో నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నప్పుడు అంబేడ్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో, శ్రాద్ధం పెట్టను, పిండదానం చేయను అన్నది అందుకే ఉంది. బుద్ధుడు విష్ణువు అవతారమని నమ్మను అన్నది దానికి ముందే ఉంది. ఆత్మ వాదం ఆయనకు ఒట్టి తత్త్వచర్చ కాదు. జన్మజన్మలకు కర్మను మోసుకొచ్చే ఆత్మ ఉందంటే, ఈ జన్మలో అంటరానితనం పోయిన జన్మ ఫలం అనడం సులువవుతుంది. అందరిలో ఉన్నది ఒకే బ్రహ్మం అన్న మాట గొప్పదే, అయినా వందల ఏళ్లపాటు అది ఊరి బావి దాకా రాలేదు. 'రెండూ ఒకటే' అనే మాట కొందరి చెవికి సామరస్యంలా కాకుండా ఆక్రమణలా వినిపించడానికి కారణం ఇక్కడుంది.

తేడా చివరగా తేలేది సాధనలో. వేదాంత గురువు దగ్గర శ్రవణ మనన నిదిధ్యాసనలు (వినడం, విచారించడం, ధ్యానించడం) చేసేవాడూ, సాగర్ రోడ్డులో వనస్థలిపురం వైపున్న ధమ్మఖేత్తలో పది రోజుల విపశ్యన శిబిరంలో కూర్చున్నవాడూ మొదట్లో చేసే పని ఒకేలా ఉంటుంది. ఒళ్లు, నొప్పి, ఆలోచన, కోపం వచ్చిపోతుంటే వాటిని 'నేను' అనుకోకుండా చూడటం. కొంతకాలానికి ఇద్దరిలో ఎవరైనా వచ్చి ఒకే మాట చెప్పవచ్చు: అన్నీ వచ్చిపోతున్నాయి, చూస్తున్నది మాత్రం కదలకుండా ఉంది. వేదాంత గురువు అక్కడ ఆగమంటాడు, ఇంక ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, అదే నువ్వు అంటాడు. బౌద్ధ ఆచార్యుడు, ఆ కదలనిది అనిపిస్తున్న తెలివిడినీ ఇంకాస్త దగ్గరగా చూడు, అదీ క్షణక్షణం పుట్టి పోతోందేమో చూడు అని మళ్లీ కూర్చోబెడతాడు.